కమాండ్ లైన్‌లో ఫోల్డర్ల మధ్య వేగసంచారం: కడప, కర్నూలు కైఫీయత్తుల పరిశోధన నేపథ్యం

వ్యాససంగ్రహం

గ్రామచరిత్రలకు ఆధారమైన కైఫీయత్తులు, శాసనపాఠాలు, వాటి ముద్రిత ప్రతులు నేడు పరిశోధకుల కంప్యూటర్లలో వేలకొద్దీ ఫైళ్ళుగా చేరుతున్నాయి. ఫైలు చేతిలో ఉన్నంత మాత్రాన అది అవసరమైన క్షణంలో అందుతుందని చెప్పలేం. ముద్రిత పాఠంలో సందేహం కలిగినప్పుడు మూలాన్ని తెరిచి చూడడానికి పట్టే కాలమే, పరిశోధకుడు మూలాన్ని చూస్తాడా లేదా అన్నదాన్ని చాలా సందర్భాలలో నిర్ణయిస్తుంది. కమాండ్ లైన్‌లో ఒక ఫోల్డరు నుండి మరొక ఫోల్డరుకు వేగంగా వెళ్ళే పద్ధతులను కడప, కర్నూలు ప్రాంతాల కైఫీయత్తుల ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. తెలుగు లిపిలో పెట్టిన ఫోల్డరు పేర్ల వల్ల కలిగే చిక్కులు, వాటికి పరిష్కారాలు కూడా ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: కైఫీయత్తులు, కమాండ్ లైన్, ఫోల్డర్లు, యూనికోడ్, కడప, కర్నూలు, డిజిటల్ ప్రతులు.

1. ఉపోద్ఘాతం

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తరువాత, కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) పర్యవేక్షణలో ఈ ప్రాంతపు గ్రామాల వృత్తాంతాలు సేకరించబడ్డాయి. ఊరు కట్టిన విధం, దేవాలయాలు, చెరువులు, పాళెగాండ్ర వంశాలు, మాన్యాలు, శాసనాలు మొదలైన విషయాలను కరణాల కవిలెల నుండి, ఊరి పెద్దల నోటి నుండి తెలుసుకొని రాసినవే కైఫీయత్తులు. ఈ సేకరణలో కావలి సోదరుల కృషి ప్రధానమైనది. కాలక్రమంలో శిథిలమవుతున్న ఈ ప్రతులకు సి.పి. బ్రౌన్ (1798–1884) మళ్ళీ నకళ్ళు రాయించాడు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన బ్రౌన్, అక్కడ బంగళా కొని పండితులను నియమించి గ్రంథపరిష్కరణ చేయించిన సంగతి సాహిత్యచరిత్రలో ప్రసిద్ధం. ఆ స్థలంలోనే నేడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. కడప జిల్లా కైఫీయత్తులు ఆ కేంద్రం నుండి సంపుటాలుగా వెలువడ్డాయి.

మూలప్రతి, నకలు, ముద్రణ అనే మూడు దశలు దాటిన కైఫీయత్తు ఇప్పుడు నాలుగవ దశలో డిజిటల్ ప్రతిగా పరిశోధకుని చేతికి వస్తున్నది. ఒక తాలూకా కైఫీయత్తులపై పని చేసే విద్యార్థి దగ్గర రాతప్రతుల ఛాయాచిత్రాలు, ముద్రిత పుటల స్కాన్లు, టైపు చేసుకొన్న పాఠాలు, శాసనాల నకళ్ళు, క్షేత్రపర్యటన ఫొటోలు, ధ్వనిముద్రణలు విడివిడి ఫోల్డర్లలో పోగవుతాయి. వీటిని మౌసుతో ఒక్కొక్కటిగా తెరుచుకుంటూ వెళ్ళడం మొదట తేలికగానే కనిపిస్తుంది. ఒక ఫోల్డరులో వేల చిత్రాలు చేరినప్పుడు ప్రతి చిత్రానికీ చిన్న నమూనాబొమ్మను చూపే ప్రయత్నంలో పాత కంప్యూటరు నెమ్మదిస్తుంది. కమాండ్ లైన్ పేర్లను మాత్రమే చూపుతుంది కాబట్టి అదే కంప్యూటరులో వేగంగా పని చేస్తుంది. దూరంలో ఉన్న సర్వరులోకి ప్రవేశించి పని చేయవలసి వచ్చినప్పుడైతే చాలాసార్లు కమాండ్ లైన్ ఒక్కటే మార్గం.

ఈ వ్యాసంలోని ఆదేశాలు లినక్స్‌లో సాధారణంగా లభించే బాష్ షెల్‌కు సంబంధించినవి. విండోస్‌లో లినక్స్ ఉపవ్యవస్థ ద్వారా, ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ ద్వారా కూడా బాష్‌ను వాడుకోవచ్చు. ఆదేశాల పేర్లు ఇక్కడ ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో ఉన్నాయి. కంప్యూటరులో వాటిని ఆంగ్ల చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

2. ఒక ఊరు, మూడు జిల్లాలు

కమాండ్ లైన్‌లో ప్రతి ఫైలుకూ ఒక దారి ఉంటుంది. పెద్ద ఫోల్డరు, దానిలోని చిన్న ఫోల్డరు, అందులోని ఫైలు అనే క్రమంలో పేర్లను ఏటవాలు గీతలతో కలిపి రాస్తే అదే దాని చిరునామా. జిల్లా, తాలూకా, గ్రామం అనే క్రమం తెలిసిన కైఫీయత్తుల పాఠకులకు ఈ అమరిక కొత్తది కాదు. అందువల్ల చాలామంది తమ ఫైళ్ళను కూడా జిల్లాల వారీగా అమర్చుకొంటారు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

కోయిలకుంట్లను ఉదాహరణగా తీసుకోవచ్చు. మెకంజీ సేకరణ జరిగిన కాలంలో ఇది కడప జిల్లాలో ఉండేది. కర్నూలు నవాబు పాలన 1839లో ముగిసిన తరువాత, 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు కోయిలకుంట్ల తాలూకా కడప నుండి అందులో చేరింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో ఇది నంద్యాల జిల్లాలోకి వచ్చింది. కాబట్టి కైఫీయత్తు పరంగా కడప, ఇరవయ్యో శతాబ్దపు గ్రంథాల పరంగా కర్నూలు, నేటి పాలన పరంగా నంద్యాల అనే మూడు చిరునామాలు ఈ ఒక్క ఊరికి ఉన్నాయి. పైగా కోవెలకుంట్ల అనే రూపాంతరం కూడా వాడుకలో ఉంది.

జిల్లాల పేర్లు సైతం స్థిరంగా లేవు. ఆంగ్లంలో కడప పేరు వర్ణక్రమం 2005లో మారింది. 2010లో జిల్లాకు వై.ఎస్.ఆర్. జిల్లా అనే పేరు వచ్చింది. 2025లో అది వై.ఎస్.ఆర్. కడప జిల్లా అయింది. ఒకే సమాచారాన్ని నలుగురు నాలుగు కాలాలలో సేకరిస్తే నాలుగు వేర్వేరు పేర్లతో ఫోల్డర్లు తయారవుతాయి. కమాండ్ లైన్‌లో వేగం అన్నది ముందుగా ఈ పేర్ల సమస్యతో ముడిపడి ఉంది. ఎంత చురుకైన ఆదేశమైనా పేరు తెలియని చోటికి తీసుకొని వెళ్ళలేదు.

3. ప్రాథమిక ఆదేశాలు

సంచారానికి మూడు ఆదేశాలు ఆధారం. ప్రస్తుతం ఏ ఫోల్డరులో ఉన్నదీ పీడబ్ల్యూడీ చెబుతుంది. ఆ ఫోల్డరులో ఏమున్నవో ఎల్ఎస్ చూపుతుంది. ఒక ఫోల్డరు నుండి మరొకదానికి సీడీ తీసుకొని వెళుతుంది.

సీడీ తరువాత పూర్తి చిరునామా ఇవ్వవచ్చు, లేదా ఉన్న చోటి నుండి దారి చెప్పవచ్చు. రెండు చుక్కలు ఒక మెట్టు పైకి ఎక్కిస్తాయి. కోయిలకుంట్ల ఫోల్డరులో ఉన్నవారు పక్కనే ఉన్న గండికోట ఫోల్డరుకు వెళ్ళాలంటే మొదటి నుండి దారి అంతా రాయనవసరం లేదు. సీడీ ../గండికోట అంటే చాలు. అలగీత ~ వాడుకరి సొంత ఫోల్డరుకు సంకేతం. ఏమీ చేర్చకుండా సీడీ అని మాత్రమే ఇచ్చినా అక్కడికే చేరుకోవచ్చు.

సీడీ పక్కన ఒక చిన్న అడ్డగీత పెట్టి సీడీ - అని ఇస్తే, కంప్యూటరు ఇంతకుముందు ఉన్న ఫోల్డరుకు తిరిగి తీసుకొని వెళుతుంది. మళ్ళీ అదే ఇస్తే ఇవతలికి వస్తుంది. కైఫీయత్తు ముద్రిత పాఠం ఒక ఫోల్డరులోను, రాతప్రతి ఛాయాచిత్రం మరొక ఫోల్డరులోను ఉన్నప్పుడు, పాఠాలను పోల్చే పరిశోధకునికి దీనిని మించిన సాధనం అరుదు. రెండు వేర్వేరు చోట్ల మధ్య ఒకసారి నడిచిన తరువాత, ఆ దారి ఎంత పొడవైనదైనా మళ్ళీ రాయవలసిన పని ఉండదు.

4. టాబ్ మీట, సగం పేరు

ఫోల్డరు పేరును మొత్తం టైపు చేయకుండా మొదటి ఒకటి రెండు అక్షరాలు ఇచ్చి టాబ్ మీట నొక్కితే, ఆ అక్షరాలతో మొదలయ్యే పేరు ఒక్కటే ఉన్న పక్షంలో షెల్ దానిని పూర్తి చేస్తుంది. ఒకటికి మించి ఉంటే పేర్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న భాగం వరకు పూర్తి చేసి ఆగుతుంది. రెండవసారి టాబ్ నొక్కితే సరిపోయే పేర్లన్నీ కనిపిస్తాయి. దీనివల్ల టైపు చేసే శ్రమ తగ్గుతుంది, అక్షరదోషాలకు తావు ఉండదు. పేరు పూర్తి కాకపోతే అలాంటి ఫోల్డరు అక్కడ లేదని ముందే తెలుస్తుంది.

నక్షత్రం గుర్తు కూడా ఇలాంటి సాయమే చేస్తుంది. సీడీ గండి* అంటే గండి అనే అక్షరాలతో మొదలయ్యే ఫోల్డరు ఒక్కటే ఉంటే అందులోకి ప్రవేశం లభిస్తుంది. టాబ్, నక్షత్రం రెండూ పేరు ఆరంభం మీద ఆధారపడి ఉన్నప్పుడు వేగంగా పనిచేస్తాయి. కాబట్టి ఒకే ఫోల్డరులోని పేర్లన్నీ కైఫీయత్తు అనే మాటతోనే మొదలైతే ఈ సదుపాయం వృథా అవుతుంది. కైఫీయత్తు-గండికోట, కైఫీయత్తు-సిద్ధవటం అని కాక, కైఫీయత్తులు అనే పెద్ద ఫోల్డరు లోపల గండికోట, సిద్ధవటం అని పెట్టడం ఉత్తమం.

5. తెలుగు పేర్లలోని చిక్కులు

పై సదుపాయాలు తెలుగు పేర్ల దగ్గర కొన్నిసార్లు విఫలమవుతాయి. అందుకు కారణం యూనికోడ్‌లో తెలుగు నిక్షిప్తమయ్యే విధానంలో ఉంది.

5.1 ఒకే రూపం, రెండు నిర్మాణాలు

కైఫీయత్తు అనే మాటనే పరిశీలించవచ్చు. ఇందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు. లేదా ఎత్వం, దాని కింద చేరే ఐత్వ చిహ్నం అనే రెండు సంకేతాలుగా విడగొట్టి రాయవచ్చు. ఈ రెండూ సమానమైనవని యూనికోడ్ ప్రమాణం చెబుతుంది. తెరమీద రెండూ ఒకే రూపంలో కనిపిస్తాయి. లినక్స్ ఫైల్ వ్యవస్థలు మాత్రం సాధారణంగా పేరును బైట్ల వరుసగా చూస్తాయి కాబట్టి వాటి దృష్టిలో ఇవి రెండు వేర్వేరు పేర్లు. యాపిల్ కంప్యూటర్ల పాత ఫైల్ వ్యవస్థ పేర్లను విడగొట్టిన రూపంలో భద్రపరిచేది. అలాంటి కంప్యూటరు నుండి తెచ్చుకొన్న కైఫీయత్తులు ఫోల్డరు, లినక్స్‌లో తయారైన కైఫీయత్తులు ఫోల్డరు పక్కపక్కనే కవలల్లా కనిపించవచ్చు. పేరు టైపు చేసినవారికి ఒకటి మాత్రమే తెరుచుకొంటుంది. రెండవదానిలో ఉన్న ఫైళ్ళు పోయాయని భ్రమ కలుగుతుంది. కన్వ్‌ఎంవీ అనే ఉపకరణంతో పేర్లన్నిటినీ ఒకే రూపంలోకి మార్చుకోవచ్చు. ఇది మొదట చేయబోయే మార్పులను చూపిస్తుంది. స్పష్టంగా ఆదేశించిన తరువాతనే వాటిని అమలు చేస్తుంది.

5.2 కనిపించని అక్షరం

పొల్లు హల్లు తరువాతి అక్షరంతో కలిసి సంయుక్తాక్షరం కాకుండా ఆపడానికి ఒక అదృశ్య సంకేతం ఉంది. కొన్ని టైపింగు పద్ధతులలో కర్నూల్ వంటి పొల్లుతో ముగిసే మాటల చివర ఇది దానంతట అదే చేరుతుంది. ఈ సంకేతం ఉన్న కర్నూల్, లేని కర్నూల్ చూపుకు ఒకటే, షెల్‌కు వేరు. ఫోల్డరు పేర్లను కర్నూలు, కడప వలె అజంతంగా పెట్టుకొంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. తెలుగు పదస్వభావం కూడా దీనికే అనుకూలం.

5.3 వర్ణక్రమ భేదాలు, పొడవు

తాళ్ళపాక, తాళ్లపాక రెండూ వాడుకలో ఉన్నాయి. కలమళ్ళ, కలమల్ల కూడా అంతే. ఇవి భాషాపరంగా రూపభేదాలు, కంప్యూటరుకు భిన్నపదాలు. బృందంగా పని చేసేవారు ఒక రూపాన్ని నిర్ణయించుకొని, గ్రామనామాల జాబితాను ఒక ఫైలులో రాసుకోవడం అవసరం.

పేరు పొడవు విషయంలోనూ ఒక పరిమితి ఉంది. లినక్స్‌లో విస్తృతంగా వాడే ఫైల్ వ్యవస్థలలో ఒక పేరు 255 బైట్లకు మించరాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. అంటే గరిష్ఠంగా 85 సంకేతాలు. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడి సంకేతాలే. కైఫీయత్తు అనే చిన్న మాటకే 9 సంకేతాలు, 27 బైట్లు ఖర్చవుతాయి. వ్యాసం శీర్షిక మొత్తాన్ని ఫైలు పేరుగా పెట్టే అలవాటు ఉన్నవారికి ఈ పరిమితి త్వరగానే ఎదురవుతుంది.

5.4 కీబోర్డు మార్పిడి, అంకె ఉపాయం

ఆదేశం ఆంగ్లాక్షరాలలో, ఫోల్డరు పేరు తెలుగులో ఉంటే ప్రతి ప్రయాణానికీ కీబోర్డును రెండుసార్లు మార్చవలసి వస్తుంది. చాలా టెర్మినళ్ళలో తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగా అమరవు. కర్సరు ఉన్న చోటు కూడా తప్పుగా కనిపిస్తుంది. వీటికి భయపడి తెలుగు పేర్లనే వదులుకోవడం పరిష్కారం కాదు. ఆంగ్ల లిపిలో రాస్తే ళ, ల భేదం, హ్రస్వ దీర్ఘాల భేదం మరుగునపడి ఊరిపేర్ల అసలు రూపమే పోతుంది.

దీనికి సులభమైన ఉపాయం పేరు ముందు అంకె చేర్చడం. 07-గండికోట, 14-కోయిలకుంట్ల, 22-సిద్ధవటం అని ఫోల్డర్లకు పేర్లు పెడితే, సీడీ 14 అని రాసి టాబ్ నొక్కగానే తెలుగు పేరు దానంతట అదే పూర్తవుతుంది. కీబోర్డు మార్చనవసరం లేదు. ఐత్వం ఏ నిర్మాణంలో ఉన్నా, అదృశ్య సంకేతం ఉన్నా లేకున్నా ప్రవేశానికి ఆటంకం ఉండదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. 2, 10 అని రాస్తే వరుసలో 10 ముందు వస్తుంది. 02, 10 అని అంకెల సంఖ్యను సమానంగా ఉంచాలి. వంద దాటే అవకాశం ఉంటే మొదటి నుండే మూడంకెలు వాడాలి.

6. వెళ్ళిన చోట్ల దొంతర

సీడీ - ఒక్క అడుగు మాత్రమే వెనక్కి తీసుకొని వెళుతుంది. మూడు నాలుగు చోట్ల మధ్య తిరుగుతూ పని చేయవలసినప్పుడు పుష్‌డీ, పాప్‌డీ అనే ఆదేశాలు ఉపకరిస్తాయి. పుష్‌డీ కొత్త ఫోల్డరుకు తీసుకొని వెళుతూనే పాత చోటిని ఒక దొంతరలో దాచిపెడుతుంది. పాప్‌డీ ఆ దొంతర పైభాగాన్ని తీసివేసి, దాని కింద ఉన్న చోటికి చేరుస్తుంది. ఈ పద్ధతి 1970ల చివరలో బిల్ జాయ్ రూపొందించిన సీ షెల్ ద్వారా వ్యాప్తిలోకి వచ్చింది. తరువాత 1989లో బ్రయన్ ఫాక్స్ విడుదల చేసిన బాష్‌లోనూ స్థానం పొందింది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కూడా ఈ రెండు ఆదేశాలు పనిచేస్తాయి.

కోయిలకుంట్ల కైఫీయత్తులో ఒక శాసనప్రస్తావన వచ్చిందనుకొంటే, శాసనాల ఫోల్డరుకు పుష్‌డీతో వెళ్ళాలి. ఆ శాసనభాషను సరిచూడడానికి నిఘంటువుల ఫోల్డరుకు మరొక పుష్‌డీ. అక్కడ పని ముగిసిన తరువాత ఒక పాప్‌డీతో శాసనాలకు, మరొక పాప్‌డీతో కైఫీయత్తుకు తిరిగి రావచ్చు. పాదసూచిక వెంట మరొక గ్రంథానికి వెళ్ళి, మళ్ళీ మొదటి పుటకు వచ్చే పఠనపద్ధతికి ఇది సరిగ్గా సరిపోతుంది.

డర్స్ అనే ఆదేశానికి -వీ చేర్చి ఇస్తే దొంతరలోని చోట్లు 0 నుండి వరుస సంఖ్యలతో కనిపిస్తాయి. ఆ సంఖ్యలను అలగీతతో కలిపి చిరునామాగా వాడవచ్చు. ~2 అంటే జాబితాలో 2 సంఖ్య గల ఫోల్డరు. ఉన్న చోటి నుండి కదలకుండానే ఒక ఫైలును అక్కడికి నకలు చేయవచ్చు. అయితే ఈ దొంతర ఆ టెర్మినల్ కిటికీ తెరిచి ఉన్నంత వరకే నిలుస్తుంది.

7. దగ్గరి దారులు

7.1 సీడీపాత్

ప్రతిరోజూ వెళ్ళే పెద్ద ఫోల్డర్లు రెండు మూడే ఉంటాయి. వాటిని సీడీపాత్ అనే చరరాశిలో నమోదు చేస్తే, కంప్యూటరులో ఎక్కడ ఉన్నా వాటిలోని ఉపఫోల్డరు పేరు మాత్రమే చెప్పి అక్కడికి చేరవచ్చు. ఈ పేరును పెద్ద ఆంగ్లాక్షరాలలో రాయాలి. దాని విలువలో మొదట ఒక చుక్క, తరువాత పరిశోధన ఫోల్డర్ల చిరునామాలు రెండు చుక్కల గుర్తుతో వేరుచేసి ఇవ్వాలి. ఉదాహరణకు .:~/పరిశోధన/కైఫీయత్తులు:~/పరిశోధన/శాసనాలు అని ఇవ్వవచ్చు. మొదటి చుక్క ప్రస్తుతం ఉన్న ఫోల్డరును సూచిస్తుంది. అది లేకపోతే ఎదురుగా ఉన్న ఫోల్డరును వదిలి, అదే పేరు గల దూరపు ఫోల్డరులోకి షెల్ వెళ్ళే ప్రమాదం ఉంది.

ఈ చరరాశిని బాష్ఆర్‌సీ అనే అమరికల ఫైలులో రాసుకొంటే ప్రతిసారీ అందుబాటులో ఉంటుంది. కాని ఎక్స్‌పోర్ట్ చేయకూడదు. అలా చేస్తే స్క్రిప్టులలోని సీడీ ఆదేశాలు కూడా దీనిని అనుసరించి ఊహించని చోటికి పోవచ్చు.

7.2 మారుపేర్లు, పాత ఆదేశాలు

ఎలియాస్ ద్వారా పొడవైన ఆదేశానికి రెండక్షరాల మారుపేరు పెట్టుకోవచ్చు. కైఫీయత్తుల ఫోల్డరుకు కేఎఫ్, శాసనాలకు ఎస్ఎస్ అని ఇలా పెట్టుకొన్న పేర్లు నాలుగైదు ఉంటే చాలు. ఎక్కువైతే వాటిని గుర్తుంచుకోవడమే మరొక పని అవుతుంది. ఇదివరకు ఇచ్చిన ఆదేశాన్ని మళ్ళీ వెతకడానికి కంట్రోల్, ఆర్ మీటలను కలిపి నొక్కి, ఆ ఆదేశంలోని ఏదైనా ఒక భాగాన్ని టైపు చేయవచ్చు. పాతవాటిలో సరిపోయేది ముందుకు వస్తుంది.

7.3 సింబాలిక్ లింకులు

ఒక ఊరికి మూడు చిరునామాలు అనే సమస్యకు సరైన సమాధానం సింబాలిక్ లింకులో ఉంది. ఇది ఒక ఫోల్డరుకు మరొక చోట నిలిపే దారిసూచిక. కోయిలకుంట్ల ఫైళ్ళన్నీ గ్రామాలు అనే ఫోల్డరులో ఒకే చోట ఉంటాయి. కడప-1800, కర్నూలు-1858, నంద్యాల-2022 అనే మూడు ఫోల్డర్లలో ఎల్ఎన్ ఆదేశానికి -ఎస్ చేర్చి, ఆ ఫోల్డరుకు లింకులు నిర్మించాలి. ఏ కాలపు జిల్లా నుండి వచ్చినా పాఠకుడు అదే ఊరికి చేరుతాడు. ఫైళ్ళకు మూడు నకళ్ళు తీయనవసరం లేదు. ఒక నకలులో దిద్దిన పాఠం మరొకదానిలో దిద్దకుండా మిగిలిపోయే ప్రమాదమూ ఉండదు. రేపు జిల్లాల సరిహద్దులు మళ్ళీ మారినా మరొక లింకు చేరుతుందే తప్ప మూలఫోల్డరు కదలదు.

లింకు ద్వారా వెళ్ళిన తరువాత సీడీ .. ఇస్తే బాష్ సాధారణంగా వచ్చిన దారినే, అంటే లింకు ఉన్న జిల్లా ఫోల్డరుకే తిరిగి తీసుకొని వస్తుంది. అసలు ఫోల్డరు ఎక్కడ ఉన్నదో తెలియాలంటే పీడబ్ల్యూడీకి పెద్ద పీ అక్షరాన్ని అడ్డగీతతో చేర్చి అడగాలి.

8. అలవాటును గమనించే ఉపకరణాలు

వాడుకరి ఏ ఫోల్డర్లకు తరచుగా, ఇటీవల వెళ్ళాడో గమనించి, పేరులోని చిన్న భాగం చెప్పగానే అక్కడికి తీసుకొని వెళ్ళే ఉపకరణాలు కూడా ఉన్నాయి. ఆటోజంప్, జడ్, జోఆక్సైడ్ అనేవి ఈ కోవకు చెందినవి. ఎన్నిసార్లు వెళ్ళారు, ఎంత ఇటీవల వెళ్ళారు అనే రెండు అంశాలను కలిపి జడ్, జోఆక్సైడ్ ప్రతి ఫోల్డరుకూ ఒక విలువ కడతాయి. ఎఫ్‌జడ్ఎఫ్ అనే మరొక ఉపకరణం ఫోల్డర్ల జాబితాను తెరపై ఉంచి, టైపు చేస్తున్న కొద్దీ దానిని వడబోస్తుంది. పేరు మొదటి అక్షరాలే ఇవ్వాలన్న నియమం ఇక్కడ లేదు. మధ్య భాగం గుర్తున్నా చాలు.

ఈ ఉపకరణాల బలమే కొన్ని సందర్భాలలో బలహీనతగా మారుతుంది. చిత్రాలు అనే ఉపఫోల్డరు ప్రతి గ్రామం కిందా ఉన్నప్పుడు, ఆ మాట చెబితే ఎక్కువగా వెళ్ళిన గ్రామపు చిత్రాలే తెరుచుకొంటాయి. పరిశోధకుడు ఉండదలచిన చోటు అది కాకపోవచ్చు. గ్రామం సంఖ్య, ఉపఫోల్డరు పేరు రెండూ కలిపి అడగడం క్షేమం. జడ్, జోఆక్సైడ్ ఇలా రెండు భాగాలను కలిపి స్వీకరిస్తాయి.

9. వేగంలో పాటించవలసిన జాగ్రత్తలు

కమాండ్ లైన్‌లో ఆర్ఎం ఆదేశంతో తొలగించిన ఫైలు చెత్తబుట్టకు పోదు, నేరుగా పోతుంది. చెరిగిపోయింది పల్లెటూరి రాతప్రతికి తీసిన ఛాయాచిత్రమైతే, దానిని మళ్ళీ తీయడానికి ఆ ప్రతి అప్పటికి మిగిలి ఉండకపోవచ్చు. కాబట్టి తొలగింపు, పేరు మార్పు వంటి పనులకు ముందు పీడబ్ల్యూడీతో ఉన్న చోటును, ఎల్ఎస్‌తో ఎదుట ఉన్నవాటిని సరిచూసుకోవాలి. ఆర్ఎం ఆదేశానికి -ఐ చేర్చితే ప్రతి ఫైలుకూ అనుమతి అడుగుతుంది. మూల ఛాయాచిత్రాలను వేరే డిస్కులో భద్రపరిచి, పని అంతా నకళ్ళ మీద చేయడం మేలు. నకలు తీయడం వల్లనే కైఫీయత్తులు నిలిచాయన్న చరిత్ర ఈ జాగ్రత్తకు తగిన ఆధారం.

ఎలియాస్‌లు, సీడీపాత్ వంటి సొంత అమరికలు ఒకరి కంప్యూటరుకే పరిమితం. వాటిని నమ్ముకొని ఫోల్డర్లకు అర్థంకాని పేర్లు పెడితే, అదే సామగ్రిని తరువాత వాడుకొనే విద్యార్థికి దారి తెలియదు. ఫోల్డర్ల అమరిక ఏ దగ్గరి దారీ లేకుండానే చదివి తెలుసుకొనేలా ఉండాలి. గ్రామసంఖ్యల పట్టికను అన్నిటికంటే పై ఫోల్డరులో సాధారణ పాఠ్యఫైలుగా ఉంచాలి.

10. ముగింపు

ముద్రిత కైఫీయత్తులో ఒక గ్రామనామం, ఒక మాన్యం కొలత, ఒక పాళెగాని పేరు అనుమానాస్పదంగా కనిపించినప్పుడు రాతప్రతిని చూడడం పరిశోధకుని బాధ్యత. ఆ ప్రతి కోసం పది నిమిషాలు వెతకవలసి వస్తే, ముద్రిత పాఠాన్నే ఉదహరించి ముందుకు సాగాలన్న ప్రలోభం కలుగుతుంది. నాలుగు మీటల దూరంలో ఉంటే సరిచూడడం అలవాటుగా మారుతుంది. ఫోల్డర్ల మధ్య వేగసంచారం ఈ కారణంగా పాఠనిర్ణయానికి నేరుగా తోడ్పడుతుంది. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. కమాండ్ లైన్‌లో వేగం ఆదేశాల కంటే ముందు పేర్ల స్థిరత్వం మీద ఆధారపడుతుంది. జిల్లా మారినా ఊరు మారదు కాబట్టి గ్రామాన్ని ప్రధాన ప్రమాణంగా తీసుకోవడం అనుకూలం.

2. కైఫీయత్తు వంటి ఐత్వం గల మాటలు, పొల్లుతో ముగిసే మాటలు ఒకేలా కనిపిస్తూ వేర్వేరు పేర్లుగా నిక్షిప్తం కావచ్చు. పేరు ముందు సమానమైన అంకెలు చేర్చితే తెలుగు రూపం చెడకుండానే టాబ్ మీట సౌకర్యం దక్కుతుంది.

3. సీడీ -, పుష్‌డీ, పాప్‌డీ పాఠాల పోలికకు, సీడీపాత్ నిత్యం వెళ్ళే చోట్లకు, సింబాలిక్ లింకులు పలు చిరునామాలు గల ఊళ్ళకు ఉపయుక్తమైనవి.

4. అలవాటును అనుసరించే ఉపకరణాలు వేగవంతమైనవే అయినా, ఒకే పేరు పలుచోట్ల ఉన్నప్పుడు దారి తప్పించగలవు. తొలగించే ముందు ఉన్న చోటును సరిచూడడం తప్పనిసరి.

వీటిలో మొదట అలవరచుకోదగినవి మూడు: టాబ్ మీట, సీడీ -, అంకెతో మొదలయ్యే తెలుగు పేరు. వీటికి కొత్తగా ఏ ఉపకరణాన్నీ చేర్చుకోనవసరం లేదు. పరిశోధన ఆరంభంలో, ఫైళ్ళు ఇంకా వందలలో ఉండగానే గ్రామాల పట్టికను రాసుకొని ఫోల్డర్లను అమర్చుకొన్నవారికి మిగిలిన సాధనాలు అవసరాన్ని బట్టి ఒక్కొక్కటిగా అలవడతాయి.